బతిమాలని ఊరు

మార్చి 4, 2025

బోర్డు లాయరు ఇవాళ మళ్ళీ పాఠం చెప్పాడు. స్కూల్ బోర్డు మెంబర్లుగా మేం పంపే ఈమెయిళ్ళు, టెక్స్టులు ఊళ్ళో ఎవరడిగినా చూపించాల్సిందేనట. "ఏది రాసినా రేపు పేపర్లో వస్తుందనుకుని రాయండి" అన్నాడు. సరే అని ఇంటికొస్తూ ఈ పుస్తకం కొనుక్కొచ్చాను. తెలుగులో రాస్తాను. ఎవడు అడుగుతాడో అడగనీ.

అమెరికాలోని ఈ ఫెర్న్‌హామ్‌లో తెలుగువాళ్ళకు కొదవ లేదు గానీ, నా చేతిరాత చదవగలిగేవాళ్ళు ఇద్దరే. నా భార్య రేణు చదవదు. నా మాటలు వినడమే ఎక్కువ, మళ్ళీ చదవడం కూడానా అంటుంది. భాస్కర్ చదివినా ఫర్వాలేదు. వాడు నా మనిషి. ఏడాదిన్నర కిందట ఎలక్షన్లో నా పేరున్న అట్టబోర్డులు ప్రతి లాన్‌లోనూ పాతింది వాడే.

రేపెవడైనా నాది తప్పంటే చూపించుకోవడానికి సంగతి సాఫుగా రాసి పెడతాను. సిటీ కౌన్సిల్ ఈ ఏడు స్కూళ్ళకిచ్చే డబ్బు కోస్తానంటోంది. కోస్తే ఒక స్కూలు మూయాలి. అది మా ఎల్మ్ స్ట్రీట్ స్కూలే. డబ్బు కౌన్సిల్‌ది, స్కూలు మూయాలా వద్దా అన్న ఓటు మాత్రం మా బోర్డుది. మేం ఏడుగురం. మూయొద్దనేవాళ్ళం నలుగురం, మూయమనేవాళ్ళు ముగ్గురు. కాబట్టి మూయరు.

మార్చి 7, శుక్రవారం

శుక్రవారాలు హార్ట్‌ఫర్డ్ ఆఫీసుకు వెళ్ళను, ఇంటి నుంచే పని. అందుకని ఆ రోజు మా అమ్మాయి నిధిని స్కూలుకు తీసుకెళ్ళే వంతు నాది. నడిచే వెళ్తాం. దారిలో ప్రతి మెయిల్‌బాక్సునూ చేత్తో తట్టాలి దానికి. ఒకటి తప్పిందా, వెనక్కి నడవాల్సిందే. మంచు పడ్డ రోజు గ్లవ్ తీసి మరీ తడుతుంది.

స్కూలు ఎర్ర తలుపు దగ్గరికి రాగానే నా మెడలో బ్యాడ్జ్ పట్టుకుని లాగుతుంది. బోర్డు మెంబర్ల బ్యాడ్జ్‌తో సిటీలో ఏ స్కూలు తలుపైనా తెరుచుకుంటుంది. గోడ మీది నల్ల పెట్టెకు ఆనిస్తే పచ్చ లైటు వస్తుంది. "గ్రీన్" అంటుంది నిధి. తలుపు తీసుకుని లోపలికి పోతుంది. రోజు మొత్తంలో నాతో అనే మాట ఒక్కోసారి అదొక్కటే. తొమ్మిదేళ్ళు దానికి. ఇంగ్లీషూ తెలుగూ కలిపినా కాసిని మాటలే. వాటిలో చాలామటుకు ఆ స్కూల్లో, ఇలాంటి పిల్లల కోసమే పెట్టిన రూమ్ సిక్స్‌లో నేర్చుకున్నవే.

ఎల్మ్ స్ట్రీట్ మూస్తే రూమ్ సిక్స్ పిల్లల్ని వ్యాన్‌లో పక్క సిటీకి పంపుతారట. దాదాపు గంట ప్రయాణం. కిందటేడు ఏదో పనికని ఒక్కరోజు వ్యాన్ ఎక్కించబోతే నిధి ఎక్కించే ఆవిడ చెయ్యి కొరికింది. ఆ తర్వాత రెండు వారాలు ఇంట్లోంచి కదల్లేదు. ఆ రోజు నుంచి రేణు వ్యాన్ అన్న మాట ఇంట్లో ఎత్తనివ్వదు.

మూయరు. నేనున్నాను కదా.

మార్చి 18

నన్ను అవమానించారు. రాస్తుంటే ఒళ్ళు మండిపోతోంది.

సిటీ హాల్లో కౌన్సిలూ మా బోర్డూ కలిసి కూర్చున్న మీటింగ్. స్కూళ్ళ కోసం ఇంటి టాక్సు పెంచొద్దనేవాళ్ళు ఒక పక్క, స్కూళ్ళు నిలపాలనేవాళ్ళు ఇంకో పక్క. మనవాళ్ళు రెండు పక్కలా ఉన్నారు. పిల్లలు కాలేజీలకు వెళ్ళిపోయినవాళ్ళంతా టాక్సు పక్క. ఏరు దాటాక తెప్ప తగలేసే జాతి. భాస్కర్ ఎటూ కాకుండా వెనక వరుసలో కూర్చున్నాడు.

నేను లేచి లెక్కలు చెప్తున్నాను. మేయర్ కుర్చీలో వెనక్కి వాలి, నవ్వుతూ, "మిస్టర్ వీనూ, మీ బోర్డుకు అభిప్రాయాలున్నాయి. మాకు చెక్‌బుక్ ఉంది" అన్నాడు. హాలంతా నవ్వింది. వేణుమాధవ్ అన్న పేరు ఏడాదిన్నరగా వాడి ఎదుట పలకమీద రాసి ఉంది, వీనూ ఎవడు? నేను ఆగలేదు. వాడు నా మైకు కట్టేశాడు. నా నోరు కదులుతోంది, మాట బయటికి రావట్లేదు. ఇదంతా కేబుల్‌లో లైవ్.

మా బోర్డు చైర్ పట్రీషియా నా పక్కనే కూర్చుని మంచినీళ్ళు తాగింది. ఒక్క మాట అనలేదు. ఇంకో మెంబర్ కారెన్ మాత్రం నా మోచెయ్యి తట్టి "వదిలెయ్ వేణూ, రేపటికి ఎవరికీ గుర్తుండదు" అంది. నాకు గుర్తుంటుంది.

మార్చి 20

మైకు కట్టేసిన వీడియో ఎవడో మన తెలుగు ఫ్యామిలీస్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాడు. కింద పళ్ళికిలించే బొమ్మలు. నాకు ఓటేశామని చెప్పుకున్నవాళ్ళే. పేర్లన్నీ గుర్తుపెట్టుకున్నాను.

మార్చి 22

భాస్కర్ ఇంటికి టీకి వెళ్ళాను. మనసులో ఉన్నది చెప్పేశాను. రాజీనామా ఇస్తాను.

నేను హనుమకొండలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు మా ఎమ్మెల్యే ఇలాగే ఒకసారి రోడ్డు విషయంలో అలిగాడు. రాజీనామా కాగితం హైదరాబాదు పంపి, ఇంట్లో తలుపులేసుకుని పడుకున్నాడు. తెల్లారేసరికి గేటు ముందు ఊరు ఊరంతా. ఆడవాళ్ళు ఏడుపులు, కుర్రాళ్ళు బస్సులకు అడ్డం పడుకున్నారు, అందులో నేనూ ఉన్నాను. స్పీకర్ ఆ కాగితాన్ని ఆమోదించనూ లేదు, తిప్పి పంపనూ లేదు, సొరుగులో వేసుకున్నాడు. మూడో రోజు పెద్దమనుషులొచ్చి కాళ్ళావేళ్ళా పడితే ఎమ్మెల్యే దండ వేయించుకుని రాజీనామా వెనక్కి తీసుకున్నాడు. రోడ్డు పడింది. ఆ మనిషి ఆ తర్వాత ఓడిపోలేదు.

భాస్కర్ అంతా విని, "అన్నా, ఇది హనుమకొండ కాదు. ఈడ ఎవడొచ్చి బతిమాలుతడు?" అన్నాడు.

"మైకు కట్టేసినోడే వస్తడు. నా ఓటు లేకపోతే బోర్డు నడుస్తదా?"

"ఓటు నీ చేతిల ఉన్నది కదా, దాన్నెందుకు ఇడుస్తవ్? నాలుగు రోజులు ఆగు. బడ్జెట్ తేలనియ్."

"ఆగితే చేతగానోడు అనుకుంటరు."

"అనుకోనియ్."

తర్వాత వాడి గోల మొదలుపెట్టాడు, ఇంటి టాక్సు ఇంత పెరిగింది, అంత పెరిగింది, పిల్లలిద్దరూ బయటికెళ్ళాక ఈ ఇల్లు అమ్ముకోవాలేమో అని. నేను వినలేదు. వచ్చేసేటప్పుడు తలుపు దగ్గర "నీ ఇష్టం మరి, నీకంటె ఎక్కువ తెలిసినోణ్ణా" అన్నాడు. అంటే సరేననే.

మార్చి 25

కారెన్ రాజీనామా చేసింది! మా నలుగురిలో ఒకతె. నాతో ఒక్క ముక్క అనలేదు. బోర్డు మీటింగ్ మధ్యలో లేచి, "ఈ సిటీ పిల్లల పేరు చెప్పి పిల్లల్నే మోసం చేస్తోంది. అందులో నా చెయ్యి ఉండదు" అని మైకు ముందు నుంచి కుర్చీ వెనక్కి జరిపి వెళ్ళిపోయింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు. బయట టీవీ వాళ్ళు. ఆ ఆలోచన నాది. ఆ చప్పట్లు నావి.

తర్వాత నాకు టెక్స్ట్ చేసింది. అమ్మయ్య, ఇక నుంచి సాయంత్రాలు తన తోటపనికేనట. అదేం మనిషో అర్థం కాదు.

ఇప్పుడు మేం ముగ్గురం, వాళ్ళు ముగ్గురు. ఓట్లు సమానమైతే మూసే తీర్మానం వీగిపోతుంది. కాబట్టి ఢోకా లేదు.

మార్చి 26

లెటర్ రాస్తుంటే రేణు వచ్చి భుజం మీద నుంచి చూసింది.

"మీరు వెళ్ళిపోతే వాళ్ళు ముగ్గురూ, మీవాళ్ళు ఇద్దరూ. ఆ మాత్రం లెక్క నాకూ వచ్చండీ."

"ఓటింగ్ మే నెలలో. ఈలోపు కాళ్ళబేరానికొస్తారు. పట్రీషియా వస్తుంది చూడు, మేయర్‌తో సారీ చెప్పించి మరీ వెనక్కి పిలుస్తుంది."

"పిలవకపోతే?"

"పిలుస్తుంది."

"నిధి స్కూలు సంగతేంటి?"

"నిధి కోసమే కదా ఇదంతా!" అని అరిచాను. పక్క గదిలో నిధి చెవులు మూసుకుంది. రేణు గొంతు తగ్గించింది. "చెరువు మీద అలిగినవాడు ఏం కడుక్కోవడం మానేశాడో తెలుసుగా. మా అమ్మమ్మ పూర్తిగా చెప్పేది, నేను చెప్పను" అంది.

కట్టుకున్నదానికే గౌరవం లేకపోతే ఊరికెక్కడుంటుంది!

మార్చి 27

ఇచ్చేశాను. సిటీ క్లర్క్ ఆఫీసులో స్టాంపు పడింది. లెటర్ ఫోటో గ్రూప్‌లో పెట్టాను. బ్యాడ్జ్ అడిగితే అదీ ఇచ్చేశాను, వారంలో మళ్ళీ తెచ్చుకోవాల్సిందేగా. మనసు తేలిగ్గా ఉంది. చాలా తేలిగ్గా ఉంది.

మార్చి 28, శుక్రవారం

జలుబు. నిధిని రేణు తీసుకెళ్ళింది.

మార్చి 30, ఉగాది

తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్‌కు వెళ్ళాం. మొన్న గ్రూప్‌లో "రెస్పెక్ట్ సర్" అనీ, దండాల బొమ్మలూ వచ్చాయి. గంట తిరక్కుండా ఉగాదికి పులిహోర ఎవరు తెస్తున్నారు, ఎవరు ప్లేట్లు తెస్తున్నారు అన్న గొడవలో పడి నా లెటర్ పైకెక్కడికో పోయింది.

అయినా ఇవాళ పదిమందైనా చుట్టూ మూగుతారనుకున్నాను. ఎవడో చెయ్యి కలిపి, "ఇప్పుడు సాయంత్రాలు ఫ్రీయేగా సార్, బాడ్మింటన్‌కు రండి, ఒక మనిషి తక్కువయ్యాడు" అన్నాడు. ఇంకొకావిడ రేణుతో, "ఇకనైనా అన్నయ్యగారు ఇంటిపట్టున ఉంటార్లే" అని అభినందించింది. పచ్చడిలో వేపపువ్వు తప్ప ఇంకేదీ తగల్లేదు నాకు. భాస్కర్ దూరం నుంచి తలూపి ప్లేట్ పట్టుకుని అటు తిరిగాడు.

ఏప్రిల్ 1

ఫోన్ రాలేదు.

ఏప్రిల్ 2

ఇవాళా లేదు. పట్రీషియా మేయర్‌తో మాట్లాడుతూ ఉండుంటుంది. అలాంటివి ఒక్కరోజులో తేలవు.

ఏప్రిల్ 4, శుక్రవారం

పట్రీషియా నుంచి ఈమెయిల్. రెండు వాక్యాలు. మీ సేవలకు కృతజ్ఞతలు. మీ భవిష్యత్తుకు శుభాకాంక్షలు. కారెన్‌కు కూడా ఇదే పంపిందని కనుక్కున్నాను, అక్షరం తేడా లేదు.

ఆఫీసు కాల్ ఉందని చెప్పాను. నిధిని రేణు తీసుకెళ్ళింది.

ఏప్రిల్ 9

క్లర్క్ ఆఫీసుకు వెళ్ళొచ్చాను. రాజీనామా ఇచ్చిన రోజు ఏం జరిగిందో ఇప్పుడు రాస్తాను. అప్పుడు రాయలేదు.

ఆ రోజు లెటర్ ఇచ్చాక నేను కిటికీ దగ్గరే నిలబడ్డాను. క్లర్క్ పెద్దావిడ. కళ్ళజోడు పైకి తోసుకుని "ఇంకేమైనా కావాలా?" అంది.

"దీన్ని ఎవరు ఆమోదిస్తారు?" అని అడిగాను.

"ఆమోదించడమేంటి?"

"అంటే, చైర్ చూడాలి కదా, బోర్డు చర్చించాలి, ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు..."

ఆవిడ ఎర్ర స్టాంపు వైపు చూపించింది. "ఈ స్టాంపు పడగానే అయిపోయింది హనీ. మీరిప్పుడు మెంబర్ కాదు. ఆ బ్యాడ్జ్ ఇచ్చేసి వెళ్ళండి."

నేను నవ్వాను. ఆవిడ కూడా నవ్వింది. కింది ఉద్యోగి, ఏం తెలుస్తుందిలే అనుకుని బయటికొచ్చాను.

ఇవాళ మళ్ళీ అదే కిటికీ. వెనక్కి తీసుకోవాలంటే ఏం చెయ్యాలని అడిగాను. ఆవిడకు నేను గుర్తున్నాను. "తీసుకోవడానికి ఇక్కడేం లేదు. ఖాళీ అయిన సీట్లు కౌన్సిల్ నింపుతుంది, అప్లికేషన్లు పిలుస్తారు" అంది. నా వెనక కుక్కకు లైసెన్సు కట్టడానికి ఒకాయన నిలబడి ఉన్నాడు. పక్కకు జరిగాను.

అలాంటప్పుడు ముందే చెప్పాలి కదా! ఒక మనిషి రాజీనామా కాగితం చేతిలో పెడుతుంటే, కూర్చోండి, ఒక్కసారి ఆలోచించుకోండి అనరా? ఇదేం దేశం!

ఏప్రిల్ 14

సీట్లకు అప్లికేషన్లు పిలిచారు. రేణు ఆ పేజీ ప్రింట్ తీసి టేబుల్ మీద నా టీ కప్పు పక్కన పెట్టింది.

"పెట్టండి."

"నా సీటుకు నేను అప్లికేషన్ పెట్టుకోవాలా?"

"పెట్టుకోవాలి."

"ఆ మేయర్ ముందు నిలబడి, అయ్యా నన్ను తీసుకోండి అనాలా? ఊరందరూ ఎన్నుకున్నవాణ్ణి!"

"నిధికి కావాలి. మీరు ఎలా తెచ్చుకుంటారో నాకనవసరం."

"వాళ్ళొచ్చి అడిగితే ఆలోచిస్తాను."

రేణు ఆ కాగితం తీసెయ్యలేదు. అక్కడే ఉంచింది.

ఏప్రిల్ 17

భాస్కర్ అప్లై చేశాడు. నా సీటుకు! గ్రూప్‌లో చూసి తెలుసుకున్నాను. ఫోన్ చేశాను.

"వెన్నుపోటు పొడుస్తవారా?"

"అన్నా, సీటు ఖాళీ ఉన్నది. మనోడు ఒక్కడైనా ఉండాలె కదా అక్కడ. నువ్వు పెడతవంటే చెప్పు, ఇప్పుడే నాది వాపస్ తీసుకుంట."

"నేనెందుకు పెడతా?"

"మరి నన్ను పెట్టనియ్యవ్, నువ్వు పెట్టవ్. ఎట్లన్నా?"

"నువ్వే కదరా రాజీనామా ఇయ్యమని ఎగదోసింది!"

"వద్దని నెత్తి నోరు కొట్టుకున్న. నువ్వే ఇనలే" అన్నాడు.

ఎప్పుడన్నాడు? "నీ ఇష్టం మరి" అన్నాడు. ఆ మాటకు అర్థమేంటి? మార్చి 22న వాడింట్లో టీ తాగుతూ వాడే ఎక్కించాడు నాకు. సీటు మీద కన్ను అప్పటి నుంచే ఉంది. నాకిప్పుడు అంతా తెలుస్తోంది.

ఏప్రిల్ 25, శుక్రవారం

గడువు అయిపోయింది. ఎవరూ రాలేదు, అడగలేదు. టేబుల్ మీద కాగితం కనబడలేదు. రేణు తీసేసినట్టుంది.

మే 6

కౌన్సిల్ ఇద్దర్ని వేసింది. కారెన్ సీట్లో ఒక రిటైరైన నర్సు. ఆవిడ మనవడు ఎల్మ్ స్ట్రీట్‌లోనే చదువుతున్నాడు, కాబట్టి మూయొద్దంటుంది. నా సీట్లో భాస్కర్.

మేయర్ వాడి పేరు చక్కగా పలికాడు.

నర్సుతో కలిపి మూయొద్దనేవాళ్ళు ముగ్గురు. మూయమనేవాళ్ళు ముగ్గురు. భాస్కర్ ఎటు వేస్తే అటు. నేను ఉండి ఉంటే... రాయను.

మే 20

ఓటింగ్‌కు ముందు మామూలు జనానికి మైకు దగ్గర మూడు నిమిషాలిస్తారు. ఇవాళ నేనూ మామూలు జనమే. లైన్లో నిలబడ్డాను. రేణు మూడో వరుసలో కూర్చుంది. నిధిని పక్కింటావిడ దగ్గర ఉంచి వచ్చింది. నాతో కలిసి మీటింగ్‌కు రావడం ఎలక్షన్ తర్వాత ఇదే మొదటిసారి.

నాలుగు రోజులుగా బట్టీపట్టాను. ముందు మేయర్ నా మైకు కట్టేసిన సంగతి ఎత్తాను. ఒక ఎన్నికైన మెంబర్‌ను ఈ ఊరు ఎలా చూసిందో చెప్పాను. నా పేరు తప్పు పలికిన సంగతి. నాకు మద్దతుగా ఒక్క మాట అనని చైర్ సంగతి. నమ్మినవాడే నా కుర్చీలో కూర్చున్న సంగతి. చెప్తుంటే గొంతులోకి బలం వచ్చింది, హాలు వింటోంది. నిధి గురించి, రూమ్ సిక్స్ గురించి ఆఖర్న చెప్పి అందరి నోళ్ళూ మూయిద్దామని దాచుకున్నాను.

గంట మోగింది. పట్రీషియా "థాంక్యూ" అంది. "ఒక్క నిమిషం" అన్నాను. మైకు ఆగిపోయింది.

పేర్లు పిలిచారు. మూడు, మూడు. భాస్కర్ పేరు ఆఖరున వచ్చింది. వాడు కాగితంలోంచి చదివాడు. టాక్సులు కట్టలేక ఇళ్ళు అమ్ముకుంటున్న పెద్దవాళ్ళు, సగం ఖాళీగా ఉన్న బిల్డింగ్, బాధగానే ఉంది, అయినా, అంటూ. మూయడానికి యెస్ అన్నాడు.

పార్కింగ్‌లో నా కారు దాకా వచ్చాడు. "అన్నా, ఎల్మ్ స్ట్రీట్ కోసం ఒక్క మాట చెప్తవనుకున్న. రూమ్ సిక్స్ ముచ్చట నాకు పూరా తెల్వదు. ఇవాళ నీ నోట వింటనేమో అని చూసిన" అన్నాడు. వాడి ముఖాన ఉమ్మేసేవాణ్ణే. రేణు ఉంది.

అబద్ధం. వాడికి తెలుసు. తెలియకుండా ఎలా ఉంటుంది? నేనెప్పుడూ చెప్పలేదేమో గానీ తెలుసు.

కార్లో రేణు ఒక్కటే అంది. "దాని పేరు ఎత్తలేదండీ మీరు."

మే 21

గ్రూప్‌లోంచి బయటికొచ్చేశాను. నలుగురైనా "ఏమైంది సార్" అని అడుగుతారనుకున్నాను. "లెఫ్ట్" అని ఒక చిన్న బూడిదరంగు లైను వస్తుంది, అంతే.

జూన్ 13, శుక్రవారం

ఎల్మ్ స్ట్రీట్ ఆఖరి రోజు. ఆఫీసుకు వెళ్ళాను.

జులై 8

వ్యాన్ కంపెనీ నుంచి కాగితం వచ్చింది. పిల్లను ముందే వ్యాన్‌కు అలవాటు చెయ్యాలట, ఫోటో పంపారు. రేణు ఆ ఫోటో ఫ్రిజ్ మీద అతికించింది. నిధి చూసి చింపేసింది. రేణు ఇంకోటి ప్రింట్ తీసి అతికించింది. నిధి అదీ చింపింది. రేణు మళ్ళీ అతికించింది. ఇద్దరూ నాతో మాట్లాడ్డం లేదు. ఒకతె మాట్లాడలేక, ఒకతె మాట్లాడబుద్ధి కాక.

ఆగస్టు 28

స్కూళ్ళు తెరిచారు. సెలవు పెట్టాను. నేనే ఎక్కిస్తానని రేణుతో అన్నాను, ఆవిడ సరేనంది, కానీ వాకిట్లోనే నిలబడింది.

వ్యాన్ వచ్చింది. నిధి చూసింది. వెల్లకిలా పడలేదు, ఏడవలేదు, డ్రైవ్‌వే మీద చతికిలబడి కూర్చుంది. లేవదు. నేను పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. "రా అమ్మా. నా బంగారం కదూ. ఒక్కసారి ఎక్కు తల్లీ, నీకేం కావాలంటే అది కొనిపెడతా." పక్కింటివాళ్ళు కిటికీలోంచి చూస్తున్నారు. చూడనీ. కాళ్ళు పట్టుకున్నాను దానివి. డ్రైవర్ కిటికీ దించి, ఇంకా నలుగురు పిల్లల్ని ఎక్కించుకోవాలి, రేపు ప్రయత్నిద్దాం సర్ అన్నాడు. మర్యాదగానే అన్నాడు. వ్యాన్ వెళ్ళిపోయింది.

వ్యాన్ మలుపు తిరగగానే నిధి లేచి, ఫ్రాక్ దులుపుకుని నడిచింది. ఎటు వెళ్తోందో తెలుసు. నేను ఆపలేదు. రేణు కూడా ఆపలేదు. నిధి ఒక మెయిల్‌బాక్స్ తట్టింది, తర్వాతిది తట్టింది. ఏదీ వదల్లేదు. నేను వెనకే నడిచాను. ఆ దారిలో దానితో నడవడం మార్చి తర్వాత ఇదే మొదటిసారి.

స్కూలు లాన్‌లో గడ్డి పెరిగిపోయింది. సిటీ వాళ్ళు తలుపు మీద ఏదో నోటీసు అంటించారు. తలుపు ఇంకా ఎర్రగానే ఉంది. నిధి నా వైపు తిరిగి, మెడ దగ్గరికి చెయ్యి చాపింది. కాలర్ పక్కన తడిమింది. ఇటు తడిమింది. చొక్కా జేబులో చెయ్యి పెట్టి చూసింది. నా ముఖంలోకి చూసింది, అది ఎవరి ముఖంలోకీ చూడదు.

తర్వాత తన అరచెయ్యే తీసుకెళ్ళి గోడ మీది నల్ల పెట్టెకు ఆనించింది. లైటు లేదు.

"గ్రీన్" అంది.

అలాగే నిలబడి ఎదురుచూసింది.